రెండు చెంచాల ఎరుపు

మేడమీద పనిగది,
ఉతికిన బట్టలు ఆరని వానరోజు

బావకి,

అక్క బాగుందని నాకు తెలుసు, నిన్ననే ఫోన్లో తీరిగ్గా తిట్టింది. కాబట్టి ఈ కుశలప్రశ్నలు నీకొక్కడికే.

ఉత్తరంతో వచ్చిన డబ్బా నెమ్మదిగా విప్పు. గుడ్డలో చుట్టి ఉన్నది ఒక కారు పెట్రోల్ ట్యాంకు మూత. దాని సొంతదారు ఒక పెద్దావిడ. వయసులో ఉండగా కొండదారుల్లో కారు పందేలకి వెళ్ళేదట. ఇప్పుడు మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కుతోందిగాని, నా గదిలోకి వచ్చీ రాగానే కుర్చీలో ఎలా కూర్చుందనుకున్నావు? స్టీరింగు ముందు కూర్చున్నట్టే. ఆ కారు ఎప్పుడో తుక్కులోకి పోయింది. మిగిలినవి రెండు ముక్కలు: ఈ మూత, పక్క అద్దానికి వెనకుండే చిప్ప. బీరువాలో చీకట్లో ఉండిపోయాయి కనక ఎండకి వెలిసిపోలేదు.

ఆవిడకి ఆ కారు బొమ్మ కావాలి. నేనెప్పుడూ చేసే సైజే, అసలుదాంట్లో ఇరవై నాలుగో వంతు. బాడీ, చక్రాలు, సీట్లు, లోపలి మీటర్లు అన్నీ నా బాధ్యత. ఎరుపు మాత్రం నీది. చిప్ప నా దగ్గర ఉంచుకుని మూత నీకు పంపుతున్నాను.

ఆవిడ మొదటిరోజే తేల్చి చెప్పేసింది. "తలుపు హేండిల్ కాస్త అటూ ఇటూ అయితే ఊరుకుంటాను బాబూ. ఎరుపు తేడా వస్తే మాత్రం తీసుకోను" అంది. ఇంతకుముందు ఇద్దరు చేసిచ్చిన బొమ్మలు తిప్పి పంపేసిందట. నేను ఛాతీ విరుచుకుని, "మా బావ కలిపితే ఎరుపు తప్పే ప్రశ్నే లేదండీ" అని మాటిచ్చేశాను. నా పరువు నీ సీసాలో ఉంది.

ఫోటో తీసి పంపలేదేమని నువ్వు ఎలాగూ అడగవు. ఫోనుకి దాని ఎరుపు దానికుంటుందని నాకు నేర్పింది నువ్వే కదా.

నీ బామ్మర్ది


కార్ల షెడ్డు, రంగులు కలిపే బల్ల,
మధ్యాహ్నం

ఒరేయ్ బామ్మర్దీ,

మూత అందింది. భలే ఎరుపు రా! ఇలాంటిది ఇప్పుడు ఎవరూ కారుకి వేయరు. అందరికీ తెలుపు, బూడిద, మళ్ళీ తెలుపు. మనుషులు కారు కొంటున్నారో ఫ్రిజ్ కొంటున్నారో అర్థం కాదు.

ఎరుపు అంటే జనం ఒకటే అనుకుంటారు. నీకు తెలుసు, అది ఎప్పుడూ ఏదో ఒక వైపు ఒరిగి ఉంటుంది. నారింజ వైపు ఒరిగితే పండుమిరప. నీలం వైపు ఒరిగితే దానిమ్మగింజ. ఎటు ఎంత ఒరిగిందో పట్టుకోవడమే పని, మిగతాదంతా కర్ర పెట్టి తిప్పడం. పుస్తకంలో లెక్క ఉంటుంది, తూకం వేసి పోస్తాం. ఆ లెక్క నిన్ను గుమ్మం దాకా తీసుకెళ్తుంది, లోపలికి వెళ్ళాలంటే కన్ను కావాలి. మా యజమాని ఈమధ్య రంగులు చదివే యంత్రం ఒకటి కొంటానంటున్నాడు. కారుకి ఆనిస్తే లెక్క చెబుతుందట. కొనుక్కోమన్నాను. నేనుండగా దానికి ఈ షెడ్డులో చెంచాడు పని కూడా దొరకదు.

సీసా పంపుతున్నాను. కారు మీద వేసేముందు ఎప్పటిలాగే తెల్ల ప్లాస్టిక్ చెంచా మీద కొట్టి చూసుకో. చెంచా వీపు కారు బానెట్‌లాగే వంపుగా ఉంటుంది, రంగు అక్కడ అబద్ధం చెప్పలేదు. మీ అక్క, "మావాడికి ఎప్పుడూ చెంచాల గోలే, ఐస్‌క్రీం సంగతి మాత్రం ఎత్తడు" అంటోంది.

షెడ్డులో ట్యూబులైట్లు ముసలివైపోయాయి, పసుపుపచ్చగా వెలుగుతున్నాయి. మార్చమని చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది. అయినా ఫర్వాలేదు, నీ ఎరుపు నేను గుమ్మంలో వెలుతురులో పెట్టే చూశాను. అచ్చు దిగింది.

నీ బావ


మేడమీద పనిగది,
కిటికీ పక్కన

బావా,

సీసా అందింది. రెండు పలుచటి పూతలు కొట్టి, ఆరనిచ్చి, చెంచాని చిప్ప పక్కన పెట్టాను. రంగు బాగుంది. చాలా బాగుంది. కాని అది వేరే కారు రంగు.

చిప్ప పండుమిరప. నీ చెంచా దానిమ్మ. నీలం ఒక చుక్క ఎక్కువ పడిందేమో. పొద్దున చూశాను, సాయంత్రం చూశాను, గొడుగేసుకుని మేడమీదికెళ్ళి వానలో కూడా చూశాను. ఎదురింటివాళ్ళు కిటికీ వేసేసుకున్నారు. చెంచాతో ఆకాశంకేసి చూసే మనిషిని చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది మరి.

తూకంలో ఎక్కడో చెయ్యి జారి ఉంటుంది. ఇంకొక్కసారి కలిపి పంపవా?

నీ బామ్మర్ది


కార్ల షెడ్డు,
వాన వెలిసిన పూట

ఒరేయ్,

నా చెయ్యి జారిందా! నీకు నిక్కరు తొడుక్కోవడం రాని రోజుల నుంచి నేను ఎరుపు కలుపుతున్నాను.

జరిగింది నేను చెబుతాను విను. నువ్వు అడుగున బూడిదరంగు ప్రైమర్ కొట్టావు. కొట్టావా లేదా? ఎరుపు పలుచటి రంగు, అడుగున ఏముంటే దాన్ని బయటపెట్టేస్తుంది. బూడిద మీద వేస్తే చల్లబడి నీలంగా కనిపిస్తుంది. లేత గులాబీ మీద వెయ్యి, నిప్పులా లేస్తుంది. పైగా చిన్న బొమ్మ మీద ఏ రంగైనా అసలుకన్నా ముదురుగా కనబడుతుంది. పెద్ద కారు మీద ఉండే వెలుగు అరచేతిలో కారు మీద ఎక్కడ పడుతుంది? అందుకని ఈసారి కొంచెం లేతగా కలిపాను. నీకు నేర్పవలసినవి ఇంకా చాలా ఉన్నాయి, నేను త్వరగా పోవడానికి వీల్లేదు.

ఈ వారం అంతా నా నెత్తి మీదే పడుతోంది. ఎవరో ఒకాయన కారు వెనక్కి తెచ్చాడు, తలుపొకటి వేరే రంగుగా ఉందని. వెలుతురు తేడా అని సర్దిచెప్పి పంపేశాను. యజమాని పక్కనే నిలబడి విన్నాడు. ఇంటికొస్తే మీ అక్క. కుట్టుపనికి ముదురు నీలం దారం తెమ్మందట, నేను నలుపు తెచ్చానట. కొట్లో దీపాలు అలా ఉంటే నేనేం చేసేది? దారాలు అమ్మేవాడు కాస్త మంచి బల్బు పెట్టుకోవద్దూ?

రెండో సీసా పంపుతున్నాను. ఈసారి వంక పెట్టావంటే నీ చెవి మెలేయడానికి బస్సెక్కి వస్తాను.

నీ బావ


మేడమీద పనిగది,
ఎండ కాసిన రోజు

బావా,

గులాబీ ప్రైమర్ వేశాను. నువ్వు చెప్పినట్టే ఎరుపు లేచింది. అడుగుపూత గురించి నువ్వు చెప్పిన ప్రతి మాటా నిజం.

ఈ ఉత్తరంతో రెండు చెంచాలు పంపుతున్నాను. ఒకదాని కాడ మీద ఒక గీత గీశాను, రెండోదాని మీద రెండు. ఏది ఏ సీసాలోదో చెప్పను. పగటివెలుతురులో రెండింటినీ మూత పక్కన పెట్టి, ఏది మూతతో కలిసిందో రాయి. అంతే. వేరే ప్రశ్నలేం లేవు.

కారు దాదాపు అయిపోయింది. సీట్లకి కుట్లు కూడా గీశాను, ఒంటి వెంట్రుక బ్రష్‌తో. ఎరుపు ఒక్కటే బాకీ.

నీ బామ్మర్ది


ఇల్లు, వరండా,
ఆదివారం

ఒరేయ్ గడుగ్గాయ్,

నీ నాటకాలు నాకు తెలీవనుకున్నావా? రెండు చెంచాలూ ఒకే సీసాలోంచి కొట్టి, వేరువేరు గీతలు పెట్టి, బావని ఆటపట్టిద్దామనుకున్నావు. వరండాలో మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టి చూశాను. రెండూ ఒకటే. మూతతో రెండూ అచ్చు కలిశాయి. ఎవడన్నా వచ్చి తేడా ఉందని చెబితే నా మీసం తీసేస్తాను.

మీ అక్క చెంచాలు చూసి ఏదో అనబోయింది. పనివాళ్ళ మధ్య విషయం, నీకెందుకన్నాను. నవ్వి లోపలికి వెళ్ళిపోయింది.

ఇక ఆలస్యం చేయకుండా కారుకి కొట్టేయ్. పెద్దావిడకి నా నమస్కారాలు చెప్పు.

నీ బావ


మేడమీద పనిగది

బావా,

ఈ ఉత్తరం మూడుసార్లు చింపి మళ్ళీ రాస్తున్నాను. తిన్నగా చెప్పేస్తాను.

ఆ చెంచాలు ఒకే సీసాలోవి కావు. ఒక గీతది నీ రెండో సీసా. రెండు గీతలది నేను కలిపింది, చిప్ప ముందు పెట్టుకుని, కొట్లో కొన్న ఎరుపులోకి నారింజ రంగు చుక్కచుక్కగా వేసుకుంటూ. రెండూ ఒకటి కావు బావా. దగ్గర్లో కూడా లేవు. పార్సిల్ కట్టేముందు కొరియర్ అతను సంతకం పెట్టించుకుంటూ, "ఇదొకటి దానిమ్మ రంగు, అదొకటి మిరపపండు, ఏ కంపెనీ చెంచాలండీ?" అని అడిగాడు. అతను ఒక్క చూపులో పట్టేసిన తేడా నీకు మిట్టమధ్యాహ్నం ఎండలో కనబడలేదు.

తప్పు నీ చెయ్యిది కాదు. ట్యూబులైట్లది కాదు, దారాల కొట్టుదీ కాదు. నీ కంట్లో పొర వచ్చిందని నా అనుమానం. పసుపు అద్దంలోంచి చూస్తున్నట్టు ఉంటుందట, నీలం కనబడటం మానేస్తుందట. అందుకే నలుపూ ముదురు నీలమూ ఒకటైపోయాయి. అందుకే నీ ఎరుపులో నీలం ఎక్కువ పడుతోంది, పడినా నీకు తెలియట్లేదు. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళు. చిన్న పని, తీసేస్తారు.

అక్కకి నేను చెప్పలేదు. చెప్పను కూడా. అది నువ్వు చెప్పుకోవలసిన మాట.

నాకు ఎరుపు నేర్పిన మనిషికి ఎరుపు గురించి ఇలా రాయాల్సి వచ్చింది. నా వల్ల కావట్లేదు, అయినా రాస్తున్నాను. వేరే ఎవరు చెప్పినా నువ్వు నవ్వి పారేస్తావు.

నీ బామ్మర్ది


కార్ల షెడ్డు

శ్రీ బామ్మర్ది గారికి,

మీ ఉత్తరం చేరింది. మీరు డాక్టరు చదువు ఎప్పుడు పూర్తిచేశారో మాకు తెలియజేయలేదు.

ముప్పై ఏళ్ళుగా ఈ బల్ల దగ్గర కూర్చుంటున్నాను. ఈ మాట షెడ్డులో ఒక్క చెవిన పడితే చాలు, యంత్రం బల్ల మీదికి వస్తుంది, నేను పాలిష్ గుడ్డ పట్టుకుని గేటు దగ్గర నిలబడతాను. అది ఆలోచించి రాశారా, లేక చెంచాలు చూసి తోచింది రాసేశారా?

మూత తిరిగి పంపుతున్నాను. ఇకమీదట మీ ఎరుపులు మీరే కలుపుకోగలరు.

ఇట్లు,
మీ అక్కగారి భర్త


మేడమీద పనిగది,
కిటికీలు తీసి ఉన్న పొద్దు

అక్కగారి భర్తకి,

"మీరు", "గారు" చదివి కాసేపు నవ్వుకున్నాను, తర్వాత బాధేసింది. నువ్వు పెళ్ళిచూపుల్లో కూడా నన్ను ఒరేయ్ అనే పిలిచావు.

నువ్వు కలుపుకోమన్నావు కదా, కలుపుకున్నాను. నీ కోసం ఆగలేదు. కారుకి నా ఎరుపే కొట్టాను. గులాబీ ప్రైమర్ మీద నాలుగు పలుచటి పూతలు, పైన రంగులేని మెరుపు పూత, ఆ పైన చేతులు పడిపోయేలా పాలిష్. పెద్దావిడ వచ్చి కారుని కిటికీ గట్టు మీద పెట్టి, పక్కన చిప్ప పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది. కారుని అటొకసారి, ఇటొకసారి తిప్పి చూసింది. చివరికి, "మూడో మలుపులో బ్రేకు వెయ్యకపోతే గెలిచేదాన్ని" అంది. అంతే, కారు తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"మీ బావ ఎరుపేనా?" అని అడిగింది. కాదండీ, ఆయన కళ్ళకి బాగాలేదు, నాదేనన్నాను. నీ సాయం లేకుండా నేను కలిపిన మొదటి ఎరుపు. గర్వంగా ఉంది, ఎందుకు దాచుకోవాలి? నువ్వు పక్కన లేకుండా గర్వపడటం మాత్రం ఏమీ బాగాలేదు.

ఇప్పుడు అసలు విషయం. ఆ పందెంలో ఆవిడని ఓడించినావిడ కారు బొమ్మ కూడా కావాలట. రెండూ పక్కపక్కన పెట్టుకుంటుందట. "రోజూ చూసి తిట్టుకోవడానికి" అంది. అదీ ఎరుపే, ఇంకో ఎరుపు. ఈసారి మూత లేదు, చిప్ప లేదు, ఫోటో కూడా నలుపూ తెలుపూ. ఆవిడ చెప్పినదొక్కటే ఆధారం: "నాదానికన్నా పొగరుగా ఉండేది."

ముక్క ముందు పెట్టుకుని కలపడం నాకు వచ్చేసింది. ఒక మనిషి మాట విని ఎరుపు కలపడం నాకు రాదు. అది నీకే వచ్చు. నీ కళ్ళు బాగుపడేదాకా ఆవిడ ఆగుతానంది. నేను అడక్కుండానే అంది.

ఒరేయ్ అని పిలిచి జవాబు రాయి.

నీ బామ్మర్ది


ఇల్లు, వరండా,
ఎడమకంటికి నల్లద్దం, కుడికన్ను పాతదే

ఒరేయ్ బామ్మర్దీ,

నేను లేకుండా ఎరుపు కలిపావా! పైగా ఆవిడ తీసుకుందా! ఆ ముక్క చదివాక నాకు తిండి సయించలేదు. నువ్వు బతిమాలి ఉంటే నేను వెళ్ళేవాణ్ణి కాదు, మొండితనంలో నన్ను మించినవాడు లేడు. నా చోట్లో నువ్వు కూర్చున్నావన్న కడుపుమంటే నన్ను కళ్ళాసుపత్రికి నడిపించింది. మంచి మాటలతో అయ్యే పని కాదని నీకు తెలిసే రాశావు, గడుసువాడివి.

పొరే. రెండు కళ్ళకీ. ఎడమకంటికి ఆపరేషన్ అయిపోయింది, కుడిదానికి వచ్చే నెల.

నీ దగ్గర దాచినది ఇప్పుడు చెబుతాను. నాకు ముందే తెలుసురా. ఆర్నెల్లుగా ఏదో తేడాగా ఉందని తెలుసు. లైట్లని తిట్టాను, డబ్బాలని తిట్టాను, నిన్ను తిట్టాను. కత్తికి భయపడలేదు. కన్ను బాగయ్యాక ఊళ్ళోకి వెళ్తే, ఈ ఏడాది నేను రంగేసిన తలుపులన్నీ ఎదురొస్తాయి కదా, వాటిని చూడాల్సి వస్తుందని భయపడ్డాను.

కట్టు విప్పారు. మొదట డాక్టరు కోటు చూశాను. తెలుపు రా! నేను ఇన్నాళ్ళూ తెలుపు అనుకున్నది తెలుపు కాదు, పలుచటి టీ. ఒక కన్ను మూసి ఇంకోటి తెరిస్తే టీ, ఇది మూసి అది తెరిస్తే తెలుపు. ఆసుపత్రి వరండాలో చిన్నపిల్లాడిలా కన్ను మార్చి కన్ను కొడుతూ కూర్చున్నాను. ఎదురుగా ఉన్న నర్సు అపార్థం చేసుకునేలోపు మీ అక్క నన్ను లాక్కొచ్చేసింది.

ఇంటికొచ్చి వంటగదిలోకి వెళ్ళాను. వేసవిలో నా చేత్తో వేసిన తెల్లగోడ నీలం! ఏమిటిదన్నాను. మీ అక్క పొయ్యి దగ్గర నుంచి తిరక్కుండానే, "నీలమే. వేసినరోజు నుంచీ నీలమే. నువ్వు రంగుల మనిషివి కదా, ఏదో పెద్ద ఆలోచనతో వేశావనుకున్నాను" అంది. నీ చెంచాల రోజున కూడా అవి రెండు రంగులని అనబోయిందట. నేను నోరు మూయించాను. షెడ్డులో కూడా అంతే అయి ఉంటుంది. నాకు తెలియనిది ఉండదనుకుని అందరూ ఊరుకున్నారు. నువ్వొక్కడివే ఊరుకోలేదు. నీ చెంచాలు బయటికి తీసి పక్కపక్కన పెట్టాను. ఛీ, చెప్పుకుంటే సిగ్గుచేటు. మీసం తీసేశాను. మీ అక్క నవ్వు ఇంకా ఆపలేదు.

నిన్న షెడ్డుకి వెళ్ళి యజమానికి అంతా చెప్పేశాను. ఈ ఏడాది నేను రంగు కలిపిన కార్లన్నీ పిలిపించమన్నాను. "ఎవరూ అడగలేదు కదయ్యా" అన్నాడు. నేను అడుగుతున్నానన్నాను. గడ్డం గోక్కుని, "యంత్రం తెప్పిస్తాను మరి" అన్నాడు. తెప్పించండి, దానికి నా బల్ల పక్కన స్టూలు వేస్తాను, బల్ల మాత్రం ఇవ్వనన్నాను. కుడికన్ను కూడా అయ్యాక వచ్చి కూర్చోమన్నాడు.

పొగరుబోతు ఎరుపు సంగతి ఆవిడని ఇంకా అడుగు. పొగరు నవ్వే రకమా, చూపు తిప్పుకునే రకమా? ఆ ముక్క తెలిస్తే చాలు, నేను కలుపుతాను. నువ్వు వంక పెట్టు. పెట్టకపోతే ఊరుకోను.

షెడ్డు నుంచి నడిచి వస్తుంటే మలుపు దగ్గర ఎర్ర కారు ఒకటి ఆగింది. ఎడమ తలుపు నాది. దానిమ్మ! కారంతా మిరపపండు, మధ్యలో ఆ తలుపు. పక్కకి తిరిగి వెళ్ళిపోదామనిపించింది, నిజం చెబుతున్నాను. వెళ్ళి అద్దం మీద తట్టాను. పాపం, దేన్ని గుద్దేశానో అనుకుని కంగారుగా దిగాడాయన. "మీ తలుపు రంగు తప్పండీ. వేసింది నేనే. షెడ్డుకి తీసుకురండి, మళ్ళీ వేసిస్తాను" అన్నాను. ఆయన కారు చుట్టూ తిరిగాడు. వంగి చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. వెనక బళ్ళవాళ్ళు హారన్లు కొడుతున్నారు.

"నాకేం తేడా కనబడట్లేదండీ" అన్నాడు.

"నాకు కనబడుతోంది" అన్నాను. హారన్లు కొట్టేవాళ్ళందరికీ వినబడేటట్టు అన్నాను రా.

నీ బావ